మద్దిదుంగ మీద సన్మానసభ

ఒక పెద్ద అడవిలో తెల్లారింది. మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

సూదులమ్మ బొరియలోంచి ముక్కు బయటపెట్టి వాసన చూసింది. తడిమట్టి వాసన. ఇక్కడ చుక్క పడలేదు. అంటే పైన కొండ మీద పడుతోందన్నమాట.

ఆమె ఏదుపంది. ముగ్గురు పిల్లల తల్లి. కంప, గచ్చ, రేగు. పోయిన వానాకాలం పిల్లల తండ్రి ముల్లయ్య వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. అప్పట్నుంచి ఆమెకు రెండు అలవాట్లు పట్టుకున్నాయి. పొద్దుగూకేవేళకి ఇంటికి చేరినవాళ్ళని లెక్కపెట్టుకోవడం ఒకటి. ఒక్క మాటతో తెమిలేచోట రెండో మాట ఖర్చు పెట్టకపోవడం ఇంకొకటి.

వాగుకి ఇవతల పల్లం, అవతల మిట్ట. బొరియలన్నీ పల్లంలో ఉన్నాయి. తినే గడ్డలన్నీ అవతలి గట్టున ఉన్నాయి. దేవుడు ఎందుకలా చేశాడో పల్లంలో ఎవరికీ తెలీదు. ముల్లయ్య పోయాక అందరూ కలిసి, గాలికి కూలిన మద్దిచెట్టు దుంగని దొర్లించుకొచ్చి, వాగు ఇరుకైనచోట రెండు బండల మీదుగా అడ్డం వేశారు. తోసీ తోసీ అడవిపంది కోరయ్యకి మూతి పుండైంది. ఆ తర్వాత వాగులో ఎవరూ పోలేదు.

ఈ సంగతి మిట్టకు తెలిసింది. మిట్ట చలించిపోయింది.

చలిస్తే ఊరుకుంటారా. సంఘం పెట్టారు.

పల్లపు జీవుల సర్వతోముఖాభివృద్ధి సాంస్కృతిక సేవాసంఘం అని దానికి పేరు. అధ్యక్షులు కొండముచ్చు కొమ్మరాజు గారు. ఆయన వాగు దాటాలంటే ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకి ఒక్క దూకు. కాలికి తడి తగిలిన పాపాన పోలేదు. కాబట్టి వంతెన అవసరం గురించి నిష్పక్షపాతంగా మాట్లాడగలిగేది ఆయనొక్కడే అని అందరూ ఒప్పుకున్నారు.

వంతెన కట్టాలంటే విరాళాలు రావాలి. విరాళాలు రావాలంటే దాతలు రావాలి. దాతలు రావాలంటే సాంస్కృతిక కార్యక్రమం పెట్టాలి. కార్యక్రమం పెట్టాలంటే వేదిక ఉండాలి. వేదికకి గట్టి దుంగ ఉండాలి.

ఆ పొద్దున కోరయ్య రొప్పుకుంటూ వచ్చాడు.

"వదినా, మన దుంగ తీసేస్తున్నారు."

సూదులమ్మ పరుగెత్తింది. ఏదుపంది పరుగెత్తితే ముళ్ళు గలగలమంటాయి. ఆ చప్పుడుకి పిల్లలు లేచారు. పిల్లల వెనక నక్షత్ర తాబేలు డిప్పయ్య తాత కూడా బయల్దేరాడు గానీ, ఆయన చేరేసరికి సగం మాటలు అయిపోయాయి.

కోతులు దుంగకి తీగలు కట్టి లాగుతున్నాయి. కొమ్మరాజు గారు కొమ్మ మీద కూర్చుని తోకతో దారి చూపిస్తున్నారు.

"ఎందుకు?" అంది సూదులమ్మ.

"వేదికకమ్మా. సాయంత్రం మీ వంతెన కోసమేగా సభ."

"వంతెన ఇదే."

కొమ్మరాజు గారు జాలిగా నవ్వారు. "ఇది దుంగ తల్లీ. దుంగకీ వంతెనకీ తేడా ఉండద్దూ? వంతెన అన్నాక ప్రారంభోత్సవం జరగాలి. కట్టించినవారి పేరు ఉండాలి. దీన్ని ఎవరు కట్టారు?"

"అందరం."

"చూశావా మరి. పేరు లేదు."

కోరయ్య మూతి రుద్దుకున్నాడు. "సభ అయ్యాక మళ్ళీ పెడతారా?"

"ఒక్క సాయంత్రం ఓపిక పట్టండయ్యా. అభివృద్ధి అన్నాక కాస్త ఇబ్బంది ఉంటుంది."

అప్పటికి డిప్పయ్య తాత వచ్చి చేరాడు. "వేదిక ఎక్కడ వేస్తున్నారు బాబూ?"

"ఎగువన, నడివాగులో. ఇసుకలో."

"వాగులోనా."

"దాతలకి సమస్య కళ్ళకు కట్టాలి కదా తాతా."

"వానొస్తేనో?"

"ఇంకా బాగా కడుతుంది," అన్నారు కొమ్మరాజు గారు.

దుంగ కదిలింది. పక్కన ఇంకొన్ని సన్నదుంగలు పేర్చి, తీగలతో బిగించి, మీద ఆకులు పరిచారు. చూడముచ్చటగానే ఉంది. రెండు బండల మధ్య మాత్రం బోసిగా ఉంది. సూదులమ్మ ఆ బోసిచోటు చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

ఇంతలో వ్యాఖ్యాత చిలకమ్మ వాలింది. సభ ఎక్కడున్నా మాట ఆమెదే. మాట ఆమెదే గానీ అర్థం ఎవరిదో ఆమె పట్టించుకోదు.

"ఈ చిన్నారులే కదూ స్వాగతనృత్యం చేసేది? అయ్యో ఎంత ముద్దొస్తున్నారు. ముట్టుకోను లెండి. దాతలు మిట్ట వైపు నుంచి దిగుతారు. మీరు అవతలి గట్టున నిలబడి పూలు చల్లాలి. సభ అయ్యేదాకా అక్కడే కూర్చోవాలి. వాళ్ళు వెళ్ళేటప్పుడు వీడ్కోలు నృత్యం."

"వద్దు," అంది సూదులమ్మ.

"అమ్మా, మేం నేర్చేసుకున్నాం," అంది కంప.

"తిరిగితే ముళ్ళు గజ్జెల్లా మోగుతున్నాయే," అంది గచ్చ.

"తేనె చుక్క పెడతారంట," అన్నాడు రేగు. వాడు చిన్నవాడు. ముళ్ళు ఇంకా మెత్తగా ఉన్నాయి. తేనె మాట వస్తే అవి కూడా పడుకుంటాయి.

"స్థానిక చిన్నారులు లేకపోతే దాతలు కరగరమ్మా," అంది చిలకమ్మ. "వాళ్ళు కరగకపోతే వంతెన రాదు. వంతెన రాకపోతే ఆ పాపం ఎవరిది?"

సూదులమ్మ వాగు వైపు చూసింది. గిట్ట తడిసేపాటి నీళ్ళు పారుతున్నాయి. కొండ వైపు చూసింది. నల్లగా ఉంది. పిల్లల మొహాలు చూసింది. అక్కడ ఓడిపోయింది.

"తాతా. తోడుండు."

"నేనుండగా నీకెందుకే బెంగ," అని డిప్పయ్య తాత అప్పుడే బయల్దేరాడు. పొద్దున బయల్దేరితే గాని సాయంత్రానికి చేరడు.

చిలకమ్మ వెళ్ళబోతూ ఆగింది. "అన్నట్టు నీకు వేదిక మీద చోటుంది సూదులమ్మా. బాధితురాలి ప్రసంగం నీదే. నాలుగు మాటలు చెప్పి కాస్త ఏడువు. మరీ ఎక్కువ ఏడవకు, వెంటనే నెమలి గారి నాట్యం ఉంది."

"మాటలు రావు."

"అదే కావాలి."

సభ పొద్దు వాలగానే అన్నారు. బాగా వాలాక మొదలైంది. దాతలు తెచ్చినవి పల్లం గట్టు మీద, మోదుగచెట్టు కింద పోగుపెట్టారు. తేనెపట్లు, నేరేడుపళ్ళు, ఎండిన ఇప్పపూలు. వాటిని అమ్మి వంతెన కడతారా అని కోరయ్య అడిగితే, అవి సభ తర్వాత దాతల విందుకని చెప్పారు. ముఖ్య అతిథి ఎలుగుబంటి భల్లూకం గారు తన వంతు తేనెపట్టుని దారిలోనే నాణ్యత కోసం పరీక్షించారు. గట్టుకి మైనం చేరింది.

అవతలి గట్టున పిల్లలు గలగలా తిరిగి పూలు చల్లారు. దాతలు కరిగారు. కాస్త దూరంగా నిలబడి కరిగారు.

"ముందుగా వేదికను అలంకరించవలసిందిగా," అని చిలకమ్మ అందుకుంది.

అలంకరించారు. కొమ్మరాజు గారు, భల్లూకం గారు, నెమలి గారు. అక్కడితో ఆగితే అది సభ ఎందుకవుతుంది. సాంబరు దుప్పి గారి పేరు మర్చిపోయారని ఆయన మొహం ముడుచుకున్నారు. ఆయన్ని పిలిచారు. ఆయన్ని పిలిచి మనుబోతు గారిని పిలవకపోతే బాగుండదు. మనుబోతు గారు ఎక్కి, నక్క దంపతులు కింద ఉండగా నేనెలా కూర్చోను అన్నారు. నక్క దంపతులు ఎక్కి తమ బావమరిదిని చూపించారు. అలా ఎక్కీ ఎక్కీ, చివరికి దండలు పట్టుకొచ్చిన కోతులు కూడా కూర్చున్నాయి. ఓ చివర ఆకు అంచు మీద సూదులమ్మకి చోటు దొరికింది. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు కాబట్టి చోటు విశాలంగానే ఉంది.

ఇక వినడానికి మిగిలింది పల్లంవాళ్ళే. వాళ్ళు గట్టు దిగలేదు.

"అంత దూరంగా కూర్చుంటే ఎలాగమ్మా? వాగులోకి రండి," అన్నారు కొమ్మరాజు గారు.

"ఇక్కణ్ణుంచి బాగా వినబడుతోందయ్యా," అంది గట్టు.

సన్మానాలు మొదలయ్యాయి. మోదుగాకులు కుట్టిన శాలువాలు. నక్క గారు మనుబోతు గారికి కప్పారు, మనుబోతు గారు నక్క గారికి కప్పారు. కప్పినవారికి కప్పడం మర్యాద కాబట్టి అది ఒక పట్టాన తెగలేదు. అందరూ కొమ్మరాజు గారికి కప్పి తీగతో ముడేశారు. చివరికి ఆయనకు మొహం, తోక మాత్రం బయట మిగిలాయి. చేతులు లోపలెక్కడో ఉన్నాయి.

సూదులమ్మ వీళ్ళెవర్నీ చూడటం లేదు. అవతలి గట్టున మూడు చిన్న ముళ్ళ బంతులు, కాస్త దిగువన ఇంకా నడుస్తూనే ఉన్న ఒక డిప్ప. అవే చూస్తోంది. మధ్యలో కిందికి చూసింది. సన్నగా పారే నీరు ఎర్రబడింది.

"నీళ్ళు," అంది.

"బాధితురాలికి దాహంగా ఉన్నట్టుంది," అంది చిలకమ్మ. "ఎవరైనా ఒక దొప్పలో తెచ్చిపెట్టండి."

"కొండనీళ్ళు," అంది సూదులమ్మ. ఒకే సభలో ఆమె రెండుసార్లు మాట్లాడేసరికి గట్టు మీద పల్లమంతా లేచి నిలబడింది. వేదిక మీద ఎవరూ లేవలేదు. లేస్తే చోటు పోతుంది.

కొమ్మరాజు గారు అధ్యక్షోపన్యాసం అందుకున్నారు. "సోదరులారా, మనం ఉన్నచోటే ఉండిపోకూడదు. ముందుకు సాగాలి."

వేదిక సాగింది.

ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ వచ్చి దుంగ కింద దూరాయి. ఇసుక వదిలేసింది. వేదిక ఒక్కసారి ఊగి, పెద్దలతో సహా దిగువకి బయల్దేరింది.

"ఇది కార్యక్రమంలో ఉందా?" అన్నారు భల్లూకం గారు.

"ఉండే ఉంటుందండి," అన్నారు నక్క గారు.

చిలకమ్మ పైన ఎగురుతూ వస్తోంది. "మన సంఘం చరిత్రలో మొట్టమొదటిసారిగా కదిలే వేదిక. దయచేసి అతిథులు ఆసీనులై ఉండగలరు. తదుపరి నెమలి గారి నాట్యం." నెమలి గారు అప్పటికే ఎగిరి చెట్టెక్కారు. కొమ్మరాజు గారికి కూడా ఒక కొమ్మ అందేంత దగ్గరికి వచ్చింది. ఆయన శాలువాల్లో గింజుకున్నారు. కొమ్మ వెళ్ళిపోయింది.

అవతలి గట్టు వెంట పిల్లలు డిప్పయ్య తాత ఉన్న బండల దాకా పరుగెత్తుకొచ్చారు. "అమ్మా," అంటూ రేగు నీళ్ళలో కాలు పెట్టాడు.

"ఆగు," అంది సూదులమ్మ.

వాడు ఆగేవాడు కాదు. డిప్పయ్య తాత వాడి తోక నోట కరుచుకుని కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ఇక ఆ రాయిని లాక్కుపోవడం రేగు వల్ల కాలేదు.

దిగువన రెండు బండలు కనిపించాయి. ముల్లయ్య ఆఖరిసారి కనిపించింది అక్కడే. వాటి కింద మడుగు. దుంగ నిలువునా వస్తోంది. నిలువునా వస్తే బండల మధ్యనుంచి జారి మడుగులోకి పోతుంది. అడ్డం తిరిగితే ఆగుతుంది. ఆ చోటు దుంగకి తెలుసు. ఆమెకీ తెలుసు.

వేదిక వెనక భాగం అవతలి గట్టు పక్కనున్న ఇసుకమేట మీదుగా వెళుతోంది. బరువంతా అటే పడితే ఆ కొస నేలకి తట్టి ఆగుతుంది. ఇటు కొసని నీళ్ళే తిప్పుతాయి.

"జరగండి," అంది సూదులమ్మ.

ఎవరూ జరగలేదు.

"వరస ప్రకారం కూర్చున్నామమ్మా," అన్నారు సాంబరు గారు.

సూదులమ్మ వెనక్కి తిరిగింది. ముళ్ళన్నీ లేపి గలగలలాడించింది. వెనక్కి నడవడం ఏదుపందికి ముందుకి నడవడం కన్నా బాగా వచ్చు. నడిచింది.

వరస మారిపోయింది. సాంబరు గారు మనుబోతు గారి ఒళ్ళో, మనుబోతు గారు భల్లూకం గారి మీద, నక్క దంపతులు వేర్వేరుగా. అందరూ వెనక కొసకి పోగయ్యారు. ఆ కొస దిగబడి ఇసుకని గీరుకుంటూ ఆగింది. ఈ కొస గిర్రున తిరిగింది. దుంగ దభీమని రెండు బండలకీ తగిలి, అడ్డం పడి, ఆగిపోయింది.

పొద్దున ఉన్నచోటికే సాయంత్రం వచ్చింది.

ఎవరి కాళ్ళు వాళ్ళు వెతుక్కున్నారు. కొమ్మరాజు గారే తేరుకున్నారు.

"వారధి," అన్నారు. "చెప్పామా లేదా? సంఘం మాట ఇస్తే తప్పదు."

సూదులమ్మ ఇవతలి కొసన ఉంది. పిల్లలు అవతలి గట్టున ఉన్నారు. మధ్యలో పెద్దలు. వాళ్ళకి అవతలి నేల అందేంత దూరంలో ఉంది. ఇళ్ళు అటువైపే. అందరూ దిగబోయారు.

"దిగకండయ్యా," అన్నాడు డిప్పయ్య తాత. "మీ బరువు మీదే ఆగింది. మీరు దిగితే పోతుంది. పిల్లలు దాటాలి. గడ్డలకి పోయినవాళ్ళూ దాటాలి."

అవతలి గట్టు మీద కోరయ్య పెళ్ళాం, కూనలు, గడ్డలతో వచ్చిన ముంగిసలు నిలబడి ఉన్నారు. పెద్దలు వాళ్ళని చూశారు. జాలిపడ్డారు. జాలిపడుతూనే ఒక కాలు దించారు.

ఇవతలి గట్టు మీంచి కోరయ్య గొంతెత్తాడు. "అయ్యో, అప్పుడే దిగితే ఎలాగండీ? పల్లం తరఫున సన్మానం మిగిలే ఉంది."

కాళ్ళు వెనక్కి వచ్చాయి.

"పల్లం తరఫునా?" అన్నారు భల్లూకం గారు సర్దుకుని కూర్చుంటూ. "వాళ్ళ అభిమానం కాదనకూడదు."

అదీ దారి. ఒక్కొక్కరూ చేతికందిన ఆకు కోసుకుని దుంగ ఎక్కారు. కోరయ్య పెళ్ళాం సాంబరు గారి భుజాన ఆకేసి, నమస్కారం పెట్టి, ఇవతలికి దాటింది. కూనలు వరసగా వచ్చి నక్క గారి నెత్తిన తలా ఓ రెమ్మ పెట్టి దాటాయి. ముంగిసలు భల్లూకం గారికి గడ్డ ఒకటి జ్ఞాపికగా ఇచ్చి దాటాయి. ఆయన దాన్ని అక్కడే తినేశారు.

"తదుపరి స్థానిక చిన్నారుల నృత్యం," అంది చిలకమ్మ. ఆమెకీ ఎందుకో ఉత్సాహం వచ్చేసింది.

కంప తిరిగింది, గచ్చ తిరిగింది, రేగు తిరిగాడు. గలగలమంటూ మూడు బంతులు దుంగ మీదకి వచ్చాయి. ఆ గుంపు ఎంత పెద్దదైనా మధ్యలో చక్కటి దారి విచ్చుకుంది. జీవితంలో ఎవరికీ చోటివ్వని మనుబోతు గారు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నారు. దుంగ కింద వాగు ఉరుముతోంది. సూదులమ్మ కళ్ళార్పలేదు. కంప ముక్కు తగిలింది. గచ్చ ముక్కు తగిలింది. రేగు నేరుగా పొట్ట కిందికి దూరిపోయాడు.

"అమ్మా, మళ్ళీ చేయమంటారా?" అన్నాడు లోపల్నుంచి.

"పద గట్టుకి."

పిల్లలు గట్టెక్కారు. ఇక మిగిలింది డిప్పయ్య తాత. దుంగ మీద ఒక కాలు వేశాడు. రెండో కాలు ఆలోచిస్తున్నాడు.

ఆకులు అయిపోయాయి. సన్మానాలు అయిపోయాయి. పెద్దలు దుమ్ము దులుపుకుని లేస్తున్నారు. దుంగ చిన్నగా మూలిగింది.

"నేను మాట్లాడతాను," అంది సూదులమ్మ.

చిలకమ్మ గాలిలోనే ఆగింది. "బాధితురాలి ప్రసంగం. దయచేసి అందరూ కూర్చోండి."

కూర్చున్నారు. ఇందుకోసమే కదా వచ్చింది.

సూదులమ్మ దుంగ మీద నిలబడి పెద్దల వెనక్కి చూసింది. డిప్పయ్య తాత రెండో కాలు వేశాడు.

"ముల్లయ్య," అంది.

ఆగింది. తాత మూడో కాలు కదిపాడు.

"గడ్డలు బాగా తవ్వేవాడు."

మళ్ళీ ఆగింది. తాత నక్క దంపతుల మధ్యకి వచ్చాడు. నక్క గారి భార్య కళ్ళు ఒత్తుకుంటోంది.

"పెద్దగడ్డ పిల్లలకి."

తాత భల్లూకం గారి కాళ్ళ కిందనుంచి వస్తున్నాడు. భల్లూకం గారికి అది తెలియలేదు. వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నారు.

"చిన్నగడ్డ నాకు."

తాత నడుస్తున్నాడు. సూదులమ్మ చూస్తోంది. ఆ నిశ్శబ్దంలోకి ఆమె అనుకోని మాటొకటి వచ్చింది.

"తొక్కు తనకి."

గట్టు మీద పల్లం కూడా తలొంచుకుంది. డిప్పయ్య తాత ఆమె పక్కనుంచి, ఆమెకి కాస్త ఆనుకుని, ఇవతలి మట్టి మీదకి దిగాడు. సూదులమ్మ కూడా దిగింది.

"అంతే," అంది.

సభ ముగిసింది. పెద్దలు ఒకర్ని ఒకరు తోసుకుంటూ మిట్ట వైపు దూకారు. కొమ్మరాజు గారిని కోతులు దొర్లించుకుపోయాయి. ఆఖరి కాలు పైకి లేవగానే దుంగ తేలి, సగం తిరిగి, ఆకులతో, రెమ్మలతో మడుగులోకి వెళ్ళిపోయింది.

అప్పుడు భల్లూకం గారు వెనక్కి తిరిగి చూశారు. తేనెపట్లు, నేరేడుపళ్ళు, ఇప్పపూలు, విందు మొత్తం పల్లం గట్టు మీద ఉంది. మధ్యలో వాగు ఉంది.

"వంతెన ఏదీ?" అన్నారు.

ఆ అడవి పుట్టాక మిట్టవాళ్ళు ఆ మాట అడగడం అదే మొదలు.

కొమ్మరాజు గారి శాలువాలు విప్పడానికి చాలాసేపు పట్టిందట. విప్పుతుండగానే ప్రకటన ఇచ్చారు. వంతెన నిర్మాణం, ప్రారంభోత్సవం, ముగింపు ఒకే సాయంత్రం పూర్తిచేసిన సంఘం ఈ అడవిలో ఇంకొకటి లేదని, విరాళాలు ఆకు కూడా పోకుండా నేరుగా పల్లానికే చేరాయని. అబద్ధం ఒక్కటీ లేదు.

పల్లంలో తేనె పంచారు. రేగుకి చుక్క పెడతామన్నారు, పట్టే దొరికింది. వాడి ముళ్ళన్నీ పడుకున్నాయి. కోరయ్య మూతి నాక్కుంటూ అన్నాడు, "ఎగువన ఇంకో మద్దిచెట్టు ఒరిగింది వదినా. వాగు తగ్గాక తోద్దాం."

"రేపే," అంది సూదులమ్మ.

బొరియ ముందు కూర్చుని లెక్కపెట్టుకుంది. కంప. గచ్చ. రేగు, ఒళ్ళంతా తేనె. డిప్పయ్య తాత. కోరయ్య, అతని పెళ్ళాం, కూనలు. ముంగిసలు, ఒకటి నిద్రపోయింది. ఇంకో పేరు దగ్గర రోజూలాగే ఆగింది. తర్వాత మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. కంప. గచ్చ. రేగు.

నీతి: పల్లానికి వంతెన కావాలంటే పెద్దల్ని వేదిక దిగనివ్వకూడదు.